రాణి కంఠం

పార్మా, సెప్టెంబరు 1894

ప్రియమైన అమ్మకు,

నేపుల్స్‌లో ఎండలు ఇంకా తగ్గలేదని పత్రికలో చూశాను. ఇక్కడ మాత్రం పొద్దున్నే పొగమంచు మొదలైంది. వెలుతురు కోసం నీ పటాన్ని కిటికీకి దగ్గరగా జరుపుకున్నాను.

కిరీటం, ఎర్ర శాలువా, జరీ గౌను, కత్తి పట్టిన చెయ్యి అన్నీ కుదిరాయి. థియేటరు మేనేజరు కజోలీ గారు వచ్చి చూసి మురిసిపోతున్నారు. "మన ఊరి ఒర్తెన్సియా రాణి వేషంలో ఇలా నిలబడితే పై గ్యాలరీ వాళ్ళు కూడా ఎగతాళి ఈలలు వెయ్యడం మరిచిపోతారమ్మా! క్రిస్మస్ మర్నాడు సీజను మొదలయ్యే రాత్రే ముందుహాల్లో పటం మీది తెర తీద్దాం. లోపల పాడుతున్నదీ ఆవిడే, బయట పటంలోనూ ఆవిడే!" అంటున్నారు.

చిక్కల్లా మెడ దగ్గరే. వసంతంలో నువ్వు కూర్చున్నప్పుడు గీసుకున్న నమూనాకీ, ఆగస్టులో గీసినదానికీ పొంతన లేదు. నా చెయ్యే తప్పిందనుకుని చెరిపి మళ్ళీ గీశాను. మళ్ళీ అదే వచ్చింది. గొంతు కింద కుడివైపు ఏదో ఉబ్బు. నువ్వు ఇక్కడున్నప్పుడే నీకు వేషం కట్టే పల్మీరాను అడిగాను. "కాలరు కుట్లు విప్పి వదులు చేశాను పాపా" అని చెప్పి, వెంటనే నాలుక కరుచుకుంది.

మింగేటప్పుడు ఏమైనా అడ్డం పడుతోందా అమ్మా? దాచకుండా రాయి.

నీ నెరీనా

*

నేపుల్స్, అక్టోబరు

నా బంగారు నెరీనాకు,

మెడ లావెక్కిందని కన్నతల్లికి ఉత్తరం రాసే కూతురు ఇటలీ మొత్తంలో నువ్వొక్కదానివే ఉంటావు! యాభైకి దగ్గర పడ్డాను, ఈ ఊరివాళ్ళు పూటపూటా మకరోనీ కుక్కుతున్నారు, లావెక్కక ఏమవుతానే?

మొన్న మూడో అంకం చివర పై స్వరం ఎత్తి నిలిపితే జనం బెంచీలెక్కి అరిచారు. గొంతులో అడ్డం ఉంటే అది పలుకుతుందా? నువ్వు చేయాల్సింది ఒక్కటే. పెద్ద ముత్యాలహారం వేసి ఆ మెడ కప్పెయ్. పల్మీరా నోటికి నేను తాళం వేశాను.

ఇక ఈ మాట ఎత్తకు. ఇక్కడ బీచె అని ఒక పడుచుపిల్ల ఉంది. నా గౌను తనకు సరిపోతుందో లేదో రోజూ కళ్ళతోనే కొలుచుకుంటోంది. ఆ పిల్ల చెవిన పడితే నా పని అయినట్టే.

ముద్దులతో,
అమ్మ

*

పార్మా, అక్టోబరు

అమ్మా,

హారం వెయ్యలేదు. బొలోన్యా వెళ్ళాను.

కోప్పడకుండా చదువు. అక్కడ గ్వాల్తీరో అనే డాక్టరుకి నమూనాలు చూపించాను. ముఖం ఉన్నంతమేర కత్తిరించి, మెడ వరకే తీసుకెళ్ళాను. ఆయన రెండిటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఎవరమ్మా ఈవిడ?"

"తెలిసినావిడ."

"రాత్రిళ్ళు పడుకుని నిద్రపోతోందా, కూర్చునా?"

ఆగస్టులో మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, ఉక్కగా ఉందని చెప్పి, నువ్వు కిటికీ దగ్గర కుర్చీలోనే నిద్రపోయావు.

గడ్డ లోపలికి పెరిగి గాలిగొట్టాన్ని నొక్కుతూ ఉండవచ్చన్నాడు. అలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు ఊపిరి అందదట. కోసి తీయవచ్చట. "మరి గొంతు?" అన్నాను. "ప్రాణం నిలబెడతాననే ధైర్యం నాకుంది తల్లీ. గొంతు సంగతి మాత్రం మాట ఇవ్వలేను" అన్నాడు.

నాకు కనిపించింది కనిపించినట్టే వేశాను. సీజను మొదలయ్యేలోగా నువ్వు ఆ డాక్టరు దగ్గరికి రాకపోతే ఆ మెడతోనే తెర లేస్తుంది. నేనడిగిన ప్రశ్నే అప్పుడు ఊరంతా అడుగుతుంది.

నెరీనా

*

నేపుల్స్, నవంబరు

నెరీనా,

బెదిరిస్తున్నావా? నన్నా? ఇన్నేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్న నా మెడను తీసుకెళ్ళి ఎవడో డాక్టరు బల్లమీద పరిచావే!

నాకు తెలియదనుకున్నావా? నువ్వు ఈ పటానికి కుంచె పట్టకముందే నా వేలికి తగిలింది అది. మీ అమ్మమ్మ జ్వరంతో పోయిందని నీకు చెప్పాను. అబద్ధం. ఇదే గడ్డ. మోడెనాలో కోయించుకోవడానికి వెళ్ళి ఆ బల్లమీదే పోయింది. నేను తలుపు బయట కూర్చున్నాను. అప్పుడు నాకు నీ వయసే. లోపలినుంచి వచ్చినవాడు చేతులు తుడుచుకుంటూ నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను ఆ బల్ల ఎక్కను. పోతే పాడుతూనే పోతాను.

హారం వెయ్యి. లేదంటే ఆ పటాన్ని వేరేవాళ్ళ చేత పూర్తి చేయించమని కజోలీకి రాస్తాను. దీనికి జవాబు రాయకు. చదవను.

ఒర్తెన్సియా

*

పార్మా, డిసెంబరు

ప్రియమైన అమ్మకు,

రాయవద్దన్నా రాస్తూనే ఉన్నాను. దేనికీ జవాబు లేదు. నీకు జలుబు చేసిందనీ, నీ పాత్ర బీచె పాడుతోందనీ పత్రికలో వేశారు. అక్కడి థియేటరుకి రాస్తే నువ్వు ఊరు విడిచి వెళ్ళావన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదట. పల్మీరా కూడా కనిపించడం లేదట. నువ్వు అద్దెకున్న ఇంటావిడకైనా తెలిసి ఉంటుందన్న ఆశతో దీన్ని ఆవిడకే పంపుతున్నాను.

వీధిలో టపా మనిషి కనబడితే ఎదురు వెళ్తున్నాను. అతను ఉత్తరం ఇవ్వబోతే చెయ్యి చాపడానికి భయంగా ఉంది.

నిన్న హారం వేశాను. మూడు వరసల ముత్యాలు, మెడ నిండా. కజోలీ గారు చూసి, "ఇప్పుడు రాణిలా ఉంది!" అన్నారు. అందంగానే ఉంది అమ్మా. నాకే అటు చూడబుద్ధి కావడం లేదు. గోడవైపు తిప్పి పెట్టాను.

నువ్వే గెలిచావు. ఇక ఏమీ అడగను. బతికున్నానని ఒక్క ముక్క రాయి.

నీ నెరీనా

*

బొలోన్యా, డిసెంబరు

నా తల్లీ నెరీనా,

బతికే ఉన్నాను. ఇంటావిడ నీ ఉత్తరాన్ని ఇక్కడికి పంపింది. మెడకి కట్టు ఉంది, తల వంచనివ్వరు. పల్మీరా అట్ట ఎత్తి పట్టుకుంటే రాస్తున్నాను. అందుకే అక్షరాలు ఇలా వంకర పోతున్నాయి.

నేపుల్స్‌లో రెండో అంకం మధ్యలో ఊపిరి అందలేదు. నోరు తెరిచాను, వాద్యాలు మోగుతున్నాయి, నాలోనుంచి ఏమీ రాలేదు. మోకాళ్ళమీద కూలబడి గొంతు పట్టుకున్నాను. జనం అది నటన అనుకున్నారు. నేను చచ్చిపోతుంటే చప్పట్లు కొట్టారే! తెర వెనక పల్మీరా నా కాలరు కత్తిరించి, "పాప చెప్పిన డాక్టరు దగ్గరికి వస్తారా, లేక శవపేటిక తెప్పించమంటారా?" అని అరిచింది. ఆవిడ నా మీద అరవడం అదే మొదటిసారి.

నీకు కబురు చెయ్యనివ్వలేదు. తలుపు బయట కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిన్ను అక్కడ కూర్చోబెట్టలేకపోయాను. ఇంటి దగ్గర అంతకన్నా నరకం పడ్డావని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. క్షమించు.

గడ్డ తీసేశారు. ఇప్పుడు వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాను. ఎంత సుఖమో నీకేం తెలుసు! కానీ పాట పోయింది నెరీనా. మాట మిగలవచ్చు, పాట మాత్రం రాదని డాక్టరు నిన్న చెప్పాడు. గోడకి తిరిగి పడుకుని నిన్ను నానా తిట్లూ తిట్టుకున్నాను. ఇవాళ పొద్దున ఆకలేసింది. సూపు తాగాను.

ఆ ముత్యాలు గీకెయ్. ఆ ఉబ్బిన మెడే నేపుల్స్‌ను బెంచీలెక్కించింది. నువ్వు ఎలా చూశావో అలాగే ఉండనీ. కజోలీ గోల పెడితే, పటంలో ఉన్నది నేనని చెప్పు. తెర తీసే రాత్రి లోపల నా బదులు బీచె పాడుతుందట. పాడనీ. గౌను కూడా ఇచ్చేశాను. నడుం దగ్గర లోపలికి కుట్టించుకోవాలి పాపం.

పండుగ ముందురోజు సాయంత్రం రైలుకి వస్తున్నాను. స్టేషనుకి రా. ఇన్నాళ్ళూ అందరితో కాగితం మీదే మాట్లాడాను. రేపటినుంచి నోరు తెరవవచ్చని డాక్టరు అన్నాడు. తెరవను. లోపల ఎలాంటి గొంతు మిగిలిందో నాకూ తెలియదు. కప్పలా ఉంటుందో, కాకిలా ఉంటుందో. నువ్వు ఎదురుగా నిలబడు. ముందు నీ పేరు పెట్టి పిలుస్తాను.

అమ్మ