చిన్న డాక్టరమ్మకు నేను చెప్పిన జవాబు

ఏవండీ, పాప లేవగానే పాలు కాచి ఇవ్వండి. దగ్గు మందు సగం మూత చాలు. నేను ఆసుపత్రికి వెళ్తున్నాను.

నిన్న అక్కడ చదువుకునే డాక్టర్లకు పరీక్ష జరిగింది. నొప్పి తెలీకుండా నా రక్తం తీసే చిన్న డాక్టరమ్మకు రోగిగా నన్నే ఇచ్చారు. “అక్కా, నీ జబ్బేంటో చెప్పేయవా, గట్టెక్కుతాను” అని చెవిలో అడిగింది. మామూలు గడ్డేనని, సూదులు బలానికని మీరు చెప్పిందే చెప్పాను. పాపం, అదే రాసింది. “క్యాన్సరుని గుర్తుపట్టలేవా?” అని పెద్ద డాక్టరు నా ముందే తిట్టాడు.

నాలుగు నెలలుగా మీరూ ఆ పెద్దాయనా కూడబలుక్కున్నారు. చదువు లేనిదాన్ని, ఏం చెప్పినా నమ్ముతాననేగా. నమ్మాను కూడా. ఎంత ముదిరిందో ఇవాళ నేనే అడుగుతాను.

అన్నం వండి పెట్టాను, తినండి.

నా వెనకాలే రాకండి. మీరు పక్కనుంటే ఆయన మీ మొహం చూసి మాట్లాడతాడు.