ఆకు మీద ఇటుక

రెడ్డెప్పా,

కుప్పంలో చిన్నమ్మకు ఒళ్లు బాగలేదని కబురొచ్చింది. మొదటి బస్సుకు పోతాండాను. పట్టుపురుగులకు మధ్యాన్నం, రాత్రి నువ్వే ఆకెయ్యాల. మల్బరీ ఆకు తడిగోనె కింద ఉండాది. గోనె గాలికి లేవకుండా మింద ఒక ఇటుక పెట్టినాను. ఆకు తీసుకున్నాక ఇటుక మళ్లా ఆడనే పెట్టు.

పురుగుల గదిలో నువ్వు కట్టిన స్పీకరు ఊడబీకి వసారాలో పడేసినాను. నాలుగు మూలల నుంచీ పాట రావాలంటే నీ మంచానికి నాలుగు కాళ్లుండాయి, వాటికి కట్టుకో.

మన చేతికందే ధరలో దొరికినవి రెండే ఆంప్లిఫైర్లు. ఒకటి పుంగనూరులో, అంగడాయన పాట పెట్టి వినిపించినాడు. ఎంత తేటగా పలికిందో! నువ్వు దాన్ని ఎత్తి చూసి, "తేలిగ్గా ఉండాదక్కా, లోపల సరుకు లేదు" అంటివి. మదనపల్లెలో ఈ సెట్టు బరువుగా ఉండాదని, పాట కూడా వినకుండా సంకనేసుకొని వచ్చినావు. పట్టుగూళ్లను చేత్తో తూకం చూసి మేలుదేదో చెప్పేవాడివి గదా, నేను అడ్డమొస్తే "నీకేం తెలుసు" అని నా నోరు మూయించినావు.

సంగటి కుండలో ఉండాది. పులుసు వేడి చేసుకొని తిను, సల్లంగా తింటే నీకు పడదు.

అక్క

ఇంకో మాట. నిన్న నువ్వు తోటకు పోయినప్పుడు నీ ఆంప్లిఫైరు మూత విప్పి చూసినాను. గోనె మింద పెట్టిన ఇటుక దాంట్లోదే. అది తీసేసినాక కూడా నీ సెట్టు ముందు మాదిరే గరగరమంటాండాది.