ఎర్ర పేజీ

ఎమ్మిగనూరు,
సోమవారం.

తమ్ముడు ధనుంజయకు,

నీ ఫోను కలవడం లేదు. అందుకే ఈ చీటీ ఆదోని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను.

ఎవరి నూలు వచ్చిందో చూసుకోవడానికి నువ్వు మన చేనేత సంఘానికి చేసిచ్చిన పేజీ ఫోనులో తెరిస్తే, ముందు "ఇది సురక్షితం కాదు" అని ఎర్రగా వస్తుంది కదా. అడిగితే, "పేజీ మనదేనని చెప్పే సర్టిఫికెట్టు మీద మన సంతకం మనమే పెట్టుకున్నాము, బయటోళ్ల ముద్ర లేదు, అంతేలే అక్కా. దాటుకుని పో" అన్నావు. నేనూ నేతగాళ్లందరికీ అదే నేర్పాను.

నిన్న, మన సంఘంలోనే నేసే పక్కింటి భాగ్యమ్మత్త ఫోనుకు, పింఛను ఆగిపోతుందంటూ ఏదో లింకు వచ్చింది. నొక్కితే అలాంటి ఎర్ర పేజీయే. దాటుకుని పోయి బ్యాంకు పిన్ను కూడా కొట్టేసింది. వెంటనే ఖాతా ఆపించాం. అయినా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నుంచీ ఇల్లిల్లూ తిరిగి "ఎర్రగా వస్తే ఆగండి" అంటున్నాను. "నువ్వే కదమ్మా దాటమని సెప్పినావు" అంటున్నారు.

రేపే వచ్చి, మన పేజీకి ఆ ఎర్రది రాకుండా చెయ్యి. అంత హెచ్చరిక చూసి కూడా ఎందుకు ఆగలేదని భాగ్యమ్మత్తను అడిగాను. ఏమన్నదో తెలుసా?

"ఎర్రగా వచ్చె కదమ్మా, మన సంఘందే అనుకుంటి."

నీ అక్క