డెబ్బై డిగ్రీల కాగితం

రాయిస్ మామయ్యకు,

నేను రాసిచ్చిన కాగితం శుక్రవారంలోగా తిరిగి పంపించు. దాన్ని చూపించి అమ్మమ్మను వృద్ధాశ్రమంలో చేర్చవద్దు.

"మనింట్లో కాలేజీ మొహం చూసింది నువ్వొక్కదానివే. నీ రాతైతే ఆశ్రమం వాళ్లు నమ్ముతారు" అన్నావు. ఇల్లు వెచ్చబరిచే పెల్లెట్ పొయ్యి, అదే చెక్కపొట్టు గుళికలు కాల్చేది, గది వేడి అని చూపించిన అంకెను ఆ కాగితంలో నెల రోజులు రాశాను. రోజూ డెబ్బై ఫారెన్‌హీట్ డిగ్రీలే, వెచ్చగా ఉన్నట్టే. అమ్మమ్మ ఇంట్లోనే కోటు వేసుకుని చలి చలి అంటుంటే, మతి తప్పుతోందన్న నీ మాటే నమ్మాను.

నిన్న బూడిద ఊడుస్తూ పొయ్యి వెనక్కి చూశాను. గది వేడిని కొలవాల్సిన సెన్సర్, తీగ చివర ఉండేది, పొయ్యి వెనక రేకుకే టేపుతో అంటించి ఉంది. మంచు మీద నడిపే నీ బండి సీటు చిరుగుకు వేసిన నారింజ రంగు టేపే అది. గది వెచ్చబడిందనుకుని పొయ్యి రోజూ ముందే తగ్గిపోయేది.

దాన్ని విప్పి అమ్మమ్మ కుర్చీ పక్కన గోడకు తగిలించాను. పది నిమిషాల్లో అంకె యాభై రెండుకు దిగింది. చదివి వినిపించాను.

"అక్టోబరు నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా పిల్లా. ఆ సెన్సర్‌కున్నట్టు నాకు తీగ లేదని నమ్మలేదు" అంది.

ఆ మాట నాకే తగిలింది. కాగితం రాకపోతే ఇంకొకటి రాస్తాను. నా రాతైతే నమ్ముతారని నువ్వే అన్నావు.

నీ మేనకోడలు