మా మరిది రాసిన చలానాలు

జూన్ 4

తమ్ముడి వ్యాన్ మీద మున్సిపాలిటీ చలానాలు ఒక పెద్ద కట్ట వచ్చింది. అన్నీ మే నెలవి. అన్నిట్లోనూ ఒకటే నేరం. మా ఇంటి పక్క సందులో నో పార్కింగ్ బోర్డు కింద బండి నిలిపాడట. ఆ సందులో బోర్డే లేదు.

మే నెలలో ఏ ఉదయమైనా ఒకటే. నేను లేచి ముఖం కడుక్కుని సందు వైపు కిటికీ దగ్గర ప్రార్థనకు కూర్చుంటాను. ఎదురుగా పక్కింటి గోడ. పెచ్చులూడిన సున్నం, పైనుంచి కిందికి ఒక నీళ్ళ పైపు. ఇంకేమీ లేదు. కళ్ళు మూసుకునే ముందు కనబడేది అదే, తెరిచాక కనబడేదీ అదే. తమ్ముడు ఉతికిన ఆస్పత్రి దుప్పట్ల మూటలు వ్యాన్‌లోకి విసురుతుంటాడు. అన్నం డబ్బా మర్చిపోయావని వాడి భార్య, మా మరదలు, లోపలి నుంచి అరుస్తుంది. పై వాటా నుంచి చెల్లెలి భర్త, మా మరిది, యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ దిగుతాడు. బావా కాస్త జరుగు అంటాడు. వ్యాన్‌కీ గోడకీ మధ్య పక్కకు తిరిగి, ఊపిరి బిగపట్టి వెళ్తాడు. అతనిది మున్సిపాలిటీలోనే ఉద్యోగం. పార్కింగ్ స్క్వాడ్.

చలానాలు తేలేదాకా వ్యాన్ పర్మిట్ రెన్యువల్ చేయరట. పర్మిట్ లేకపోతే ఆస్పత్రి కాంట్రాక్టు పోతుంది. పోనీ కట్టేద్దామంటే ఇన్ని తప్పులు ఒప్పుకున్నవాడికి పర్మిట్టే రద్దట.

తమ్ముడు అన్నం వదిలేసి లేచాడు.

జూన్ 6

అప్పీలు వేశాడు. ఆఫీసులో ఫోటోలు చూపించారట. వ్యాన్ ఉంది, గోడ ఉంది, బోర్డు లేదు. అది ఫోటోలో పడలేదంతే అన్నారట. వ్యాన్ అద్దంలో మాత్రం ఫోటో తీసినవాడి నీడ పడింది. ముఖం లేదు. చేతిలో ఫోన్, యూనిఫాం గుండీలు తెగేలా ఉన్న పొట్ట. ఆ పొట్టను తమ్ముడు రోజూ భోజనాల బల్ల దగ్గర చూస్తాడు.

జూన్ 6, సాయంత్రం

మెట్ల కింద నిలబడి తమ్ముడు అరిచాడు. బావా లేదు గీవా లేదు కిందికి దిగు, ఒకే వంటింట్లో తిని నా బండి మీదే రాస్తావా అన్నాడు. మరిది దిగలేదు. చెల్లెలు దిగింది. మా ఆయన డ్యూటీ ఆయన చేశాడు, బండి నెత్తిన పెట్టుకోమను అంది.

జూన్ 7

మరిది వచ్చి నా మంచం అంచున కూర్చున్నాడు. రోజుకు ఇన్ని రాయాలని స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ టార్గెట్ పెట్టాడట. బజార్లో రాస్తే కాలర్ పట్టుకుంటున్నారు వదినా, మొన్న ఒకడు చెప్పు తీశాడు, బావ బండి అయితే ఎవరూ చెయ్యెత్తరు కదా అనుకున్నాను అన్నాడు. బోర్డు లేని చోట రాసినవి ఎలాగూ రద్దయిపోతాయని ఇన్‌స్పెక్టరే చెప్పాడట. ఇతను నమ్మాడు.

మరి రద్దు చేయమని అడుగు అన్నాను.

అడిగాడట. నోరు మూసుకో అన్నారట.

జూన్ 9

మున్సిపాలిటీవాళ్ళు వచ్చి సందు గోడకు నో పార్కింగ్ బోర్డు బిగించి పోయారు. ఎక్కడినుంచో పీకి తెచ్చిన పాతది. ఎప్పటినుంచో ఉన్నట్టు కనబడాలని కాబోలు.

జూన్ 10

మే నెలలో బోర్డు లేదని విచారణలో చెప్పమంటే పక్కింటివాళ్ళు మాకెందుకమ్మా అని తలుపేసుకున్నారు. సాక్షిగా మిగిలింది నేను.

చెల్లెలు నా కంచం బల్ల మీద పడేసింది. గుర్తు లేదంటే సరిపోతుంది అక్కా, నీ వయసులో మర్చిపోతే ఎవరూ తప్పు పట్టరు అంది. వంటింట్లోంచి మరదలు అందుకుంది. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో అన్నీ గుర్తుంటాయి ఆవిడకి, గోడ ఒక్కటే మర్చిపోతుందేం అంది.

నేను తిని కంచం కడుక్కున్నాను.

జూన్ 14, ఉదయం

ప్రార్థన కుదరడం లేదు. కళ్ళు మూసుకున్నా నో పార్కింగే కనబడుతోంది.

జూన్ 18, మధ్యాహ్నం

విచారణ అయింది.

మున్సిపాలిటీ లాయరు కుర్రవాడు, దూకుడు మీదున్నాడు. కళ్ళజోడుంది కదమ్మా, గోడ కనబడిందా అన్నాడు. చదవడానికే జోడు అన్నాను. రోజూ ఆ గోడ వైపే ఎందుకు చూస్తారు అన్నాడు. అక్కడే ప్రార్థన చేస్తాను అన్నాను. గోడకు మొక్కుతారా అన్నాడు. గదంతా నవ్వింది. మొక్కేది దేవుడికి, గోడ అడ్డం అన్నాను. మే నెలంతా దాని మీద బోర్డు లేదు అన్నాను.

అప్పీళ్ళ అధికారి నవ్వలేదు. ఫోటోలు తీసిందెవరో తెలుసా అని అడిగాడు. మరిది బల్ల చివర తల దించుకుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ అతని వెనకే, కాలు మీద కాలు వేసుకుని.

మా మరిది అన్నాను. రాయించింది ఆ వెనక కూర్చున్నవారు అని కూడా అన్నాను.

గుమాస్తా మొదటి మాట రాసుకున్నాడు. రెండోది రాసుకోలేదు. మళ్ళీ చెప్పాను. పెన్ను మూత పెట్టేశాడు.

జూన్ 20

చలానాలన్నీ రద్దు. మరిది సస్పెండ్. ఇన్‌స్పెక్టర్ కుర్చీ కదలలేదు.

తమ్ముడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. బావ పేరు కూడా చెప్పాలా అక్కా అన్నాడు. గెలిచినవాడి ముఖంలా లేదు. అడిగారు, చెప్పాను అన్నాను.

చెల్లెలు నన్ను అక్కా అనలేదు. బాగుందండీ, మా కడుపు కొట్టి మీరు పుణ్యం మూటగట్టుకున్నారు అంది. నేను గారాబంగా ఎత్తుకు పెంచిన పిల్ల. అండీ అంది.

జూన్ 21

ఈ సాయంత్రం అందరూ కూర్చుని నిర్ణయించారు. వ్యాన్‌లో మూటలెత్తడానికి మనిషి కావాలి. మరిదికి పని కావాలి. రేపటి నుంచి ముందు సీట్లో ఇద్దరూ పక్కపక్కన వెళ్తారు. మాట్లాడుకోరు. అది కూడా నిర్ణయమే. బండి ఆపమనాలన్నా, మూట దించమనాలన్నా నాకు ఫోన్ చేస్తారు. నేను పక్క సీటుకు చేసి చెప్పాలి.

మరదలు నా ఫోన్ చార్జింగ్‌కు పెట్టింది.