కనిపించని వరుస కింద

అన్నయ్యకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ బావ, పిల్లలు, నేను కులాసా. అక్కడ చంటిదీ తనూ కులాసాయేనని వదిన ఫోనులో చెప్పింది. నీ సంగతి మాత్రం నువ్వు రాసిన నాలుగు పేజీల్లోనే తెలిసింది. మూడు వారాలుగా జవాబు రాయనందుకు ముందే నాలుగు తిట్లు తిట్టెయ్. ఫోను చేయొచ్చుగా అంటావేమో. నేను మొదలుపెట్టగానే నువ్వు "పోనీలే అమ్మడూ, వదిలెయ్" అంటావు. నేను వదిలేస్తాను. అందుకే కాగితం తీశాను.

అడిగినవాటికి ముందు చెబుతాను. వంటగది గోడకు చెమ్మ తగ్గలేదు. నువ్వు చెప్పినట్టే బయటివైపు పగులు పూడ్పించాం. అది అక్కణ్నుంచి కదిలి పిల్లల గదిలోకి చేరింది. అద్దెకున్నవాళ్లు గది మారినట్టు మారిందని మీ బావ నవ్వుతున్నారు. పెద్దవాడి పరీక్షలు అయిపోయాయి, ఎలా రాశాడో వాడికీ తెలియదట.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో వదినకు తెలియడం లేదన్నావు. పనుల జాబితాలు వేసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుందని చెప్పమను. అందులో పెద్ద పని తల్లి, దాని కింద చేసేవి పిల్లలు, ఆ పిల్లలకు మళ్లీ పిల్లలు. రోజూ భవనాలు కట్టే సైటులో ఇంజనీరుగా నువ్వు తెరిచేది అదే కనక నీకు వేరే చెప్పక్కర్లేదు. కిందటేడు నువ్వే కదా ఏడిపించావు: "ఒక పనిని ఇంకోదాని కిందికి చేర్చడానికి అయిదుసార్లు నొక్కాలా? ఈలోపు మా మేస్త్రీ గోడ కట్టేసి చేతులు కడుక్కుంటాడు!" ఆ మాట ఆఫీసులో చెబితే అందరూ నవ్వి, ఆ పనేదో నువ్వే చూడమని నాకు అంటగట్టారు. ఆరు నెలలు కుస్తీపట్టి ఒక్క మీటకు తెచ్చాను. మీట నొక్కితే చాలు, పని రాసిన వరుస తన పైనున్న పని కిందికి పిల్లగా చేరిపోతుంది. నువ్వు ఫోను చేసి "భేష్" అన్నావు. ఆ రోజు నా కాళ్లు భూమ్మీద ఆనలేదు.

ఇక నీ ఉత్తరం. మూడో అంతస్తు స్లాబు పోస్తుండగా కింద ఊతంగా ఆనించిన జాకీలు జారి ఒక మూల కూలడం, మేస్త్రీ కాలు విరగడం, పోసేముందు జాకీల తనిఖీ చేయించలేదని నిన్ను పనినుంచి ఆపి విచారణ వేయడం, అన్నీ రాశావు. నన్ను కోసింది ఆ తర్వాతి పేజీ. "తనిఖీ వరుస నేనే రాసినట్టు గుర్తు. స్లాబు కిందే పెట్టినట్టు గుర్తు. కూలిన మర్నాడు వెతికితే జాబితాలో లేదు. రాయకుండానే రాశాననుకున్నానా? నాన్నకూ ఇలాగే మొదలైంది కదా అమ్మడూ?" అన్నావు. మతిమరుపు డాక్టరు వంద నుంచి ఏడేసి తీసేస్తూ చెప్పమంటే చెమటలు పట్టాయన్నావు. చంటిదాన్ని ఒక్కడివీ బయటికి తీసుకెళ్లడం మానేశానన్నావు. నువ్వు రాయనిది వదిన చెప్పింది: "నా పేరు పిలిచేముందు మీ అన్నయ్య ఒక్క క్షణం ఆగుతున్నారమ్మా, సరైనదో కాదో చూసుకుంటున్నట్టు."

అన్నయ్యా, నువ్వు మరిచిపోలేదు.

నీ ఉత్తరం అందిన రోజే మీ సైటు జాబితాలో ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పే నమోదులు ఆఫీసులో తీసి చూశాను. మంగళవారం ఉదయం పదీ పన్నెండుకు 'జాకీల తనిఖీ' అని రాశావు. మరు నిమిషంలో మీట నొక్కావు. నీ కంటికి దానిపైన కనిపించింది స్లాబు పని. కానీ అయిపోయిన పనులు కనిపించకుండా పెట్టుకోవడం నీ అలవాటు. స్లాబుకీ తనిఖీకీ మధ్య, ఎప్పుడో ముగిసిన 'మెట్ల పని' దాగి ఉంది. నా మీట నీ కంటికి కనిపించేదాన్ని వదిలేసి, దాగినదాని కిందికి తనిఖీని తోసేసింది. దాగిన తల్లితోపాటు పిల్లా దాగిపోయింది. వరుస కళ్లముందు లేకపోతే స్లాబు కింద ముడుచుకుని ఉందనుకుని ఉంటావు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇంతటితో ఆపితే యంత్రం తప్పని సరిపెట్టుకోవచ్చు. ఆపడానికి లేదు. మా ఆఫీసులో సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి లోపాలు పట్టే అమ్మాయి ఒకతె ఉంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకుతుందని మేమంతా ఈకలమ్మ అంటాం. మీట అందరికీ ఇవ్వడానికి వారం ముందు నా బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, మధ్యలో దాచిన వరుసలుంటే ఎటు పోతుంది?" అంది. "అంత చిత్రంగా ఎవరు వాడతారమ్మా, తర్వాత చూద్దాంలే" అన్నాను. ఆమె రాసిపెట్టిన లోపం పక్కన 'తర్వాత' అని రాసింది నేనే.

రెండో తప్పు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఈ సంగతి తెలిసిన సాయంత్రమే మా ఆఫీసు పెద్దాయనకు చెప్పాను. ఆయన తలుపేసి, "తిలాపాపం తలా పిడికెడమ్మా. సరిచేసేద్దాం. విచారణ అయ్యేదాకా బయట నోరు మెదపకు" అన్నారు. మర్నాడే సరిచేశాం. నోరు మెదపలేదు. మూడు వారాలు అలాగే ఉన్నాను. ఆ మూడు వారాల్లోనే నువ్వు రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్లావు. వదిన ఫోనులో ఏడిస్తే "ధైర్యంగా ఉండు వదినా, వయసు మీద పడుతోంది కదా" అన్నాను. అన్నీ తెలిసి ఆ మాట అన్నాను. ఉద్యోగం పోతుందని, నలుగురిలో తలెత్తుకోలేనని భయపడి, నీకు లేని జబ్బు నీకు అంటగట్టాను. మేస్త్రీని చూడ్డానికి వచ్చే వారం వస్తాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియదు గానీ వెళ్లాలి.

ఇది చదివాక నువ్వేం చేస్తావో నాకు తెలుసు. చిన్నప్పుడు నాన్న కొత్త కళ్లజోడు మీద నేను కూర్చుంటే, "నేనే తొక్కాను" అని వెళ్లి ఆయన ముందు నిలబడ్డావు. బుధవారం విచారణలోనూ అలాగే నిలబడి "నేనే మరిచిపోయానండీ" అంటావు. మతి పోయిందని పదిమందీ అనుకున్నా సరే, నా పేరు బయటికి రానివ్వవు. అందుకే నమోదుల కాగితాలు, ఈకలమ్మ రాసింది, నా తప్పు ఒప్పుకుంటూ సంతకం చేసిన ఉత్తరం, మూడూ కలిపి విచారణవాళ్లకు పంపేశాను. మా పెద్దాయనకు పంపాకే చెప్పాను. అన్నీ అందాయని వాళ్లనుంచి కబురు వచ్చాకే నీకు రాయడానికి కూర్చున్నాను. ఈసారి నన్ను కాపాడే వీలు నీకు లేదన్నయ్యా.

ఇట్లు,
క్షమించమనడానికి నోరు రాని
నీ చెల్లెలు