అమ్మ ఎత్తుకు దించిన బండి

అన్నా,

ఫోన్లో చెబితే మొదటి మాటకే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. సిరిసిల్లకు పోతూ నువ్వు ఇంట్లో వదిలిన బండి ఇంజన్ దించాను. కంగారు పడకు, మళ్లీ ఎక్కించాను కూడా.

మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ రాయికల్ అంగడికే పోలేదు. ఆటో కుదుపులు పడవంటుంది, నీ బండి సీటు ఎత్తుకు కాలు లేవదు. అందుకని సీటు కిందికి దిగేలా వెనక షాక్ అబ్జార్బర్లు తీసి పొట్టివి వేద్దామనుకున్నాను. విప్పి చూస్తే వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కూడా అరిగిపోయి ఉంది. దాని బోల్టు తుప్పుపట్టి ఇంజన్ దగ్గర బిగుసుకుపోయింది, ఇంజన్ దించితే తప్ప ఊడదు. సాయిలు మామ తాటిచెట్టెక్కే మోకు తెచ్చి, దూలానికి వేసి, ఇంజన్‌ను మెల్లగా మంచం మీదికి దించాడు.

దాన్ని మంచం మీద చూసి అమ్మ, "గిదేందే, బండి కడుపు దీసి పండవెట్టినవ్? మీ అన్నకేం జెప్తవ్?" అంది. నాకూ భయమేసింది. కొత్త ఆర్మ్ వేసి, అంతా బిగించి కిక్ కొడితే ముందు పలకలేదు. తర్వాత పలికింది.

నిన్న అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి నా వెనక కూర్చుంది. అంగడిలో తెలిసినవాళ్లందరినీ పలకరించింది. ఇంటికొచ్చాక దిగకుండా, "ఇంకో సుట్టు తిప్పు బిడ్డా" అంది.

నువ్వు పొడుగు కదా, బండి ఆపి కాళ్లు ఆనిస్తే మోకాళ్లు మడుచుకోవాలి. పాత షాకులు దాచాను, వేయమంటే వేస్తాను. అమ్మ మాత్రం, "ఆడు బస్సుల అస్తడు, బస్సులనే పోతడు. బండి నాది" అంటోంది.

ఆమెతో నువ్వే మాట్లాడుకో.

నీ చెల్లె